నెల దాటిన నాటుకోడి పిల్లలు తెస్తున్నారా? ముందు గూడు, తర్వాతే పిల్లలు



నెల పిల్లలు కావాలని ఫోన్ చేసేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతా. "గూడు ఫొటో పంపుతారా?" అని. కొందరు వెంటనే పంపుతారు. కొందరు "తెచ్చినంక చూసుకుంటం లే అన్నా" అంటారు. అట్లా అన్నవాళ్లకు ఆ వారం పిల్లలు ఇవ్వను. పైసలు ఇస్తానంటే వద్దంటవేంది అని కోపం చేసుకుని వేరేచోట కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. వ్యాపారం చేసేవాడు ఇట్లా మాట్లాడొద్దని మా ఇంట్లో కూడా అంటారు. కానీ ఈ పట్టు నాకు ఊరికే రాలేదు.

2018 జనవరిలో నేను మొదటిసారి 40 పిల్లలు తెచ్చిన. పైసలు నావి కావు, మా అవ్వ పాలు పోసి దాచుకున్నవి. అగ్రికల్చర్ డిప్లొమా చేసినోణ్ని, వరిలో, పసుపులో నాకు తెలియనిది లేదనుకునే వయసు. నెల దాటిన పిల్లలంటే గట్టిపడ్డట్టే కదా, ఇంక వాటికి ఏం కావాలె అనుకున్న. పొలం పని తెంపుకుని మధ్యాహ్నం బయల్దేరి, రెండు అట్టపెట్టెల్లో వేసుకుని బైకు మీద ధర్మపురి చేరేసరికి పొద్దుగూకింది. గోదావరి మీంచి చలిగాలి కొడుతుంది. కొట్టంలో ఓ మూలకు ఇంత గడ్డి పరిచి, నూకలు చల్లి, గిన్నెలో నీళ్లు పెట్టి తడక అడ్డం పెట్టిన. చీకట్లో అవి నూకలను చూడను కూడా లేదు.

తెల్లారి చూస్తే అన్నీ మూలకు కుప్పగా ఉన్నాయి. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్న తొమ్మిది ఊపిరాడక చచ్చిపోయినయి. పది రోజుల్లో రక్త విరేచనాలతో ఇంకో పద్నాలుగు పోయినయి. మిగిలినవి పదిహేడు. అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. చచ్చిన పిల్లలను గంపకెత్తి గుంత తీసి పూడ్చి వచ్చి, పాల క్యాను కడుక్కుంది. అనుంటే బాగుండేది.

అమ్మినవాళ్ల తప్పేమీ లేదు, మంచి పిల్లలే ఇచ్చిండ్రు. తప్పు ఎక్కడుందో అర్థం కావడానికి నాకు ఒక పెట్టకోడిని రెండు నెలలు చూడాల్సి వచ్చింది.

తల్లి ఎట్ల విడుస్తుంది?

పిల్లలతో ఉన్న నాటుపెట్టను మీరూ రోజూ చూస్తూనే ఉంటారు. ఈసారి కొంచెం పరీక్షగా చూడండి. మొదటి రెండు వారాలు గంట గంటకూ పిల్లలను రెక్కల కింద పెట్టుకుంటుంది. తర్వాత పగలు మానేసి రాత్రి మాత్రమే కప్పుతుంది. పిల్లలకు ఈకలు నిండుతున్నకొద్దీ రాత్రి కూడా పక్కన ఉంటుందే తప్ప పూర్తిగా కప్పదు. పురుగు దొరికితే "కుక్ కుక్" అని పిలిచి తినిపించేది, మెల్లమెల్లగా ఆ పిలుపు తగ్గిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ గుడ్డుకు వస్తుంది, అప్పుడు పిల్ల దగ్గరికొస్తే పొడిచి తరుముతుంది. మనం "తల్లి విడిచింది" అనేది ఆ రోజు. కానీ చూడండి, ఆ రోజు పిల్ల పోగొట్టుకునేది తల్లిని ఒక్కదాన్నే. వాకిలి అదే, నీళ్ల గోళెం అదే, తోటి పిల్లలు అవే, తినే మేత అదే.

మరి మనం కొని తెచ్చినప్పుడు? వేడి పోతుంది, మేత మారుతుంది, నీళ్లు మారుతాయి, నేల మారుతుంది, వెలుతురు మారుతుంది, తోటి పిల్లల్లో సగం వేరే ఇంటికి పోతాయి. అన్నీ ఒక్క సాయంత్రంలోనే. నేను చేసింది అదే. ఒక్కోటి విడివిడిగా వస్తే తట్టుకునే పిల్ల, అన్నీ కలిసొస్తే తట్టుకోలేదు. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఒకటే: స్థలం ఎట్లాగూ మారక తప్పదు కాబట్టి ఆ వారం ఇంకేదీ మార్చను. ఈ వ్యాసంలో మిగతాదంతా దీని వివరమే.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఇచ్చిన వనరాజ, గ్రామప్రియ లాంటివి తెచ్చేవాళ్లకు ఇది ఇంకా అవసరం. వాటికి తల్లి ఉండదు, మొదటి రోజు నుంచి బల్బే తల్లి. ప్రభుత్వ పెరటి కోళ్ల పథకంలో కూడా పిల్లలను నాలుగు వారాలు మదర్ యూనిట్‌లో పెంచి ఇచ్చేది ఇందుకే. ఆ నాలుగు వారాల పని వాళ్లు చేస్తారు, ఐదో వారం మన చేతిలో ఉంటుంది.

కొనేచోట అడగాల్సినవి

చాలామంది ధర అడుగుతారు, బరువు అడుగుతారు. నేనైతే "లైటు తీసి ఎన్ని రాత్రులైంది?" అని అడుగుతా. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ రావాలి. అట్లా నాలుగైదు వారాలకు మామూలు గాలికి అలవాటు పడతాయి. బల్బు కింద నుంచి తీసి నేరుగా డబ్బాలో వేసి ఇచ్చిన పిల్లకు వయసు నెల ఉన్నా లాభం లేదు. కనీసం నాలుగైదు రాత్రులు వేడి లేకుండా ఉన్న పిల్లలను తీసుకోండి. చలికాలంలో వారం.

తర్వాత, వేసిన టీకాలు తేదీలతో రాసివ్వమనండి. అప్పటిదాకా తిన్న దాణానే కొంత కొనండి. ఈ వయసు పిల్ల రోజుకు 30 గ్రాముల అటూ ఇటూ తింటుంది, అంటే 25 పిల్లలకు వారానికి ఐదారు కిలోలు చాలు. పిల్లను చేతిలోకి తీసుకుని కళ్లు తేటగా ఉన్నాయా, వెనక ఈకలకు రెట్ట అంటుకుని ఉందా చూడండి. చెవి దగ్గర పెట్టుకుంటే గురగుర వినబడొద్దు.

ఇంకో మాట. పిల్లలు ఆడుకోవడానికి "ఒక్కటి ఇయ్యన్నా" అని అడుగుతారు. ఒక్కటి ఇవ్వను, తక్కువలో తక్కువ మూడు. కోడిపిల్లకు గుంపే ధైర్యం. ఒంటరిదైతే రోజంతా అరుస్తుంది, మేత ముట్టదు. మా బిడ్డ అయితే కోడిపిల్ల వద్దు, రామచిలుక కావాలని ఏడ్చింది. రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని చాలామందికి తెలియదు, అంగట్లో కనబడితే కొనేస్తారు. మా బిడ్డకు ఆ పదిహేడింటిలో ఒక కర్రెపిల్లను చూపించి ఊరుకోబెట్టిన. అది పెట్టై, పొదిగి, పిల్లలు లేపి, మొన్నటిదాకా ఆమె భుజం మీదికి ఎగురుతుండె.

గూడు: తెచ్చే ముందే, కనీసం మూడు రోజులు

పిల్లకు ఒక చదరపు అడుగు లెక్కన స్థలం చాలు, అది రెండు నెలల దాకా సరిపోతుంది. నేల కడిగి, సున్నం కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీద రెండు మూడు అంగుళాల మందంలో ఎండిన వరి ఊక. మన దగ్గర రైస్ మిల్లులు ఎన్నో ఉన్నాయి, ఊకకు కరువు లేదు. గడ్డి పరవొద్దు, తడిస్తే అట్టకట్టి బూజు పడుతుంది.

పొడిగా ఎందుకు ఉండాలంటే, నా పద్నాలుగు పిల్లలను తీసుకుపోయిన రక్త విరేచనాల సంగతి చెప్పాలి. కాక్సిడియోసిస్ అంటారు. దాని గుడ్లు రెట్టలో బయటికొస్తాయి కానీ వచ్చిన వెంటనే రోగం అంటించలేవు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటించే స్థితికి వస్తాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలే దానికి ఎక్కువ దొరుకుతాయి. నీళ్ల డబ్బా చుట్టూ తడిసిన ఊకను రోజూ తీసేసి కొత్తది వేస్తే సగం రోగం అక్కడే ఆగుతుంది. నేను గిన్నెలో నీళ్లు పెట్టిన, పిల్లలు అందులోనే నిలబడి తాగినయి, అందులోనే రెట్ట వేసినయి. ఇప్పుడు డబ్బాను ఇటుక మీద పెట్టి, దాని అంచు పిల్ల వీపు ఎత్తులో ఉండేట్టు చూస్తా. రెట్టలో రక్తం కనబడితే ఆకు పసర్లతో రోజులు గడపకుండా పశువుల దవాఖానకు పోండి. ఆంప్రోలియం లాంటి మందు మొదటి రోజే నీళ్లలో పడితే చాలా పిల్లలు బతుకుతాయి.

జాలి అర అంగుళం కన్ను ఉండాలి. పెద్ద కన్ను జాలిలోంచి ఎలుక దూరుతుంది, ముంగిస మూతి పెట్టి కాలు లాగుతుంది. జాలిని అడుగు లోతు భూమిలోకి దించండి. పైన గాలి ఆడాలి, కింద పిల్లల ఎత్తులో గాలి కొట్టొద్దు. మా వైపు జనం చలికి భయపడి గూడు మొత్తం ప్లాస్టిక్ కవరుతో మూసేస్తారు. తెల్లారి తలుపు తీస్తే కళ్లు మండేంత అమోనియా. మన కళ్లు మండితే పిల్ల ఊపిరితిత్తుల గతి ఏంది?

ఇక మూలలు. నాలుగు మూలలకూ తడక గానీ అట్ట గానీ వంచి పెట్టి గుండ్రంగా చేయండి. మూల లేకపోతే కుప్ప పడటానికి చోటు ఉండదు. రూపాయి ఖర్చు లేని పని, అది చేసి ఉంటే నా తొమ్మిది పిల్లలు ఉండేవి. వీడియోలో ఇదే ఎక్కువసేపు చూపించిన, తొందరపడి ముందుకు జరపకండి.

మొదటి పగలు, మొదటి రాత్రి

ఎండాకాలమైనా, చలికాలమైనా పిల్లలు పొద్దున్నే ఇంటికి చేరాలి. అప్పుడు చీకటి పడేలోపు నీళ్లెక్కడ, మేతెక్కడ అని నేర్చుకోవడానికి ఒక పగలంతా దొరుకుతుంది. మా దగ్గర మేలో ఎండ 45 డిగ్రీల దగ్గరికి పోతుంది, అప్పుడు ఎనిమిది దాటాక ప్రయాణమే వద్దు. డబ్బాకు నాలుగు పక్కలా రంధ్రాలు ఉండాలి, ఒక్కోదాంట్లో ఇరవైకి మించి వేయొద్దు.

దించగానే ముందు నీళ్లు. చిన్న బెల్లం ముక్క కలిపిన నీళ్లు రెండు మూడు గంటలు పెట్టొచ్చు, తర్వాత పారబోసి మంచినీళ్లు పోయండి, బెల్లం నీళ్లు పులుస్తాయి. ఉప్పు మాత్రం అంచనాగా వేయకండి, కోడిపిల్ల ఉప్పుకు తట్టుకోదు. రెండు మూడు పిల్లల ముక్కును నీళ్లలో తాకిస్తే చాలు, మిగతావి చూసి నేర్చుకుంటాయి. అరగంట తర్వాత మేత.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నాలుగైదు పిల్లల మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిండుగా, మెత్తగా ఉంటే తిన్నాయి, తాగాయి. ఖాళీగా ఉంటే ఆ పిల్ల ఆ రాత్రి చలికి తట్టుకోదు, విడిగా తీసి తినిపించండి.

రాత్రికి ఒక బల్బు సిద్ధంగా ఉండాలి. ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ పిల్లకు సరిపోయే వేడి ఇవ్వదు. పాత తీగ బల్బు గానీ, కోళ్ల కోసం అమ్మే ఎర్ర బల్బు గానీ కావాలి. గూడు మధ్యలో, ఊకకు తగలకుండా ఎత్తున కట్టండి. వేడి సరిపోయిందా అనేది పిల్లలే చెబుతాయి. బల్బు కిందికి గుమిగూడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే ఎక్కువ వేడి, అక్కడక్కడ పడుకుంటే సరిపోయింది. మొదటి మూడు రాత్రులు పది గంటలకు ఒకసారి, రెండింటికి ఒకసారి టార్చి పట్టుకుని పోండి. కుప్ప కనబడితే చేత్తో మెల్లగా విడదీయండి. చలికాలంలో ఆదిలాబాద్ వైపు కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతుంది, అక్కడివాళ్లు ఈ నిద్ర మానుకోక తప్పదు. కరెంటు పోతే వేడినీళ్లు పోసిన సీసాలను గోనెసంచిలో చుట్టి మధ్యలో పెట్టండి. మూసిన గూట్లో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, ఆ గాలికి పిల్లలు నిద్రలోనే పోతాయి.

మేత ఎప్పుడు మార్చాలి

మన సొంత మేతే పెట్టాలని మనందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ మొదటి మూడు రోజులు వాళ్లు ఇచ్చిన దాణానే. నాలుగో రోజు పావు వంతు మనది కలపండి, రెండేసి రోజులకు పావు చొప్పున పెంచండి. పది రోజులకు పూర్తిగా మనదవుతుంది. నేను వంద కిలోలకు మక్కల నూక 50, తవుడు 15, సోయా చెక్క 28, ఉప్పు లేని ఎండుచేపల పొడి 5, ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు కలుపుతా. మాంసకృత్తులు 20 శాతం దగ్గర ఉంటాయి. గుడ్లు పెట్టే కోళ్ల దాణా పిల్లలకు పెట్టొద్దు, అందులోని సున్నం పిల్లల కిడ్నీలను చెడగొడుతుంది.

అజొల్లా మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఒక లెక్క చూసుకోండి. ఎండబెట్టిన అజొల్లాలో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, కానీ తాజాదాంట్లో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. పిల్ల చిన్న కడుపు నీళ్లతో నిండుతుంది. చారెడు పచ్చమేతగా ఇవ్వండి, దాణాకు బదులుగా కాదు. దానికంటే చెదలు మేలు. కుండలో తడి పెంట, పాత గోనె ముక్కలు కుక్కి చెలక గట్టు మీద బోర్లించి పెడితే తెల్లారేసరికి చెదలు పడతాయి. కుండ తెచ్చి దులిపితే పిల్లలు చేసే గోల వినాల్సిందే.

బూజు పట్టిన మక్కలు "కోళ్లకు పనికొస్తయి" అని పక్కన పెడతాం కదా, అది మానండి. 1960లో ఇంగ్లాండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు వెతికితే తేలింది బూజు పట్టిన వేరుశనగ చెక్క. అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడిందే ఆ చావుల వల్ల. వానలో తడిసిన మక్కల్లోనూ అదే విషం పుడుతుంది.

టీకా మాట

ఇక్కడ నాతో ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు. ప్రకృతి వ్యవసాయం చేస్తూ టీకా ఏంది అంటారు. టీకా పురుగుమందు కాదు. సేంద్రియ ధ్రువీకరణ నియమాల్లో కూడా ఆ ప్రాంతంలో రోగం ఉంటే టీకాకు అనుమతి ఉంది. కొక్కెర తెగులు, అదే రాణిఖేత్, 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడింది కాబట్టి మన దేశంలో ఆ పేరు. అది వైరస్, వచ్చాక మందు లేదు. ఆకుపచ్చ విరేచనాలు, వాలిన రెక్కలు, తిరిగిపోయిన మెడ కనబడేసరికే ఊరు సగం ఖాళీ అవుతుంది. మాది పసుపు పండే నేల. మేతలో పసుపు, వెల్లుల్లి నేనూ వేస్తా, తప్పేం లేదు. కానీ పసుపుతో రాణిఖేత్ ఆగదు.

వరుస ఇదీ: ఏడో రోజు లసోటా కంట్లో చుక్క, 14వ రోజు గంబోరో, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారం బొబ్బ రోగానికి, ఎనిమిదో వారం రెక్క కింద ఆర్ టూ బీ. అంటే నెల పిల్ల మన ఇంటికొచ్చేసరికి మూడు పడి ఉండాలి, రెండు మన బాధ్యత. 28వ రోజుది పడలేదని తెలిస్తే, తెచ్చిన రోజే పొడిపించకండి, ప్రయాణం అలసట మీద టీకా సరిగా పట్టదు. వారం ఆగి వేయించండి. ఒక సీసాలో చాలా మోతాదులు ఉంటాయి, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. అందుకే మా వాడకట్టులో అందరం ఒకే రోజు పెట్టుకుంటాం. ఐస్ డబ్బాలో ఒకరు తెస్తారు, ఇల్లిల్లూ తిరిగి వేస్తాం, ఖర్చు పంచుకుంటాం.

పాత కోళ్లతో ఎప్పుడు, బయటికి ఎప్పుడు

రెండు వారాల దాకా కొత్తవాటిని పాత కోళ్లతో కలపొద్దు. పాతవి బాగానే ఉన్నా వాటి దగ్గర ఉన్న రోగం కొత్తవాటికి కొత్తదే. మేత వేసేటప్పుడు ముందు పిల్లల దగ్గరికి, తర్వాత పెద్దవాటి దగ్గరికి పోవాలి, తిరగేసి కాదు. మూడో వారం మధ్యలో జాలి మాత్రమే ఉంచి ఒకదానికొకటి కనబడనివ్వండి. పుంజు జాలి మీదికి దూకడం మానేశాక ఒక సాయంత్రం కలపండి.

బయటికి వదలడం కూడా సాయంత్రమే మొదలు పెట్టండి. చీకటి పడటానికి గంట ముందు గూడు తలుపు తీసి మేత గూట్లోనే ఉంచితే పిల్లలు దూరం పోవు, చీకటికి వాటంతటవే లోపలికొస్తాయి. నాలుగు రోజులు అట్లా గడిచాక పగలంతా వదలొచ్చు. వదిలే ముందు ఒకసారి పక్క పొలం అతన్ని పలకరించి రండి. నారుమడిలో గుళికలు చల్లాడా, మందు పట్టించిన మక్క విత్తనం వేశాడా అడగండి. కార్బోఫ్యూరాన్ గుళికలు నాలుగు ఏరుకు తింటే కోడిపిల్ల ఆ గట్టు దాటదు. మన మడిలో జీవామృతమే ఉండొచ్చు, కోడికి గెట్టు తెలియదు కదా. మా పక్కాయన ఇప్పుడు చల్లే ముందు రోజే చెబుతాడు. ఆ వారం నా పిల్లలు గూట్లోనే ఉంటాయి.

ఆర్ టూ బీ వేసేటప్పుడు రెక్క ఎట్ల పట్టుకోవాలో తర్వాతి వీడియోలో చూపిస్తా. గూడు ఫొటోలు మాత్రం పంపుతూ ఉండండి. మొన్న వెల్గటూరు వైపు నుంచి ఒక అక్క పంపిన ఫొటోలో మూలలకు పాత చాటలు వంచి పెట్టింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. బేస్తవారం ఆమెకు ఇరవై ఐదు పిల్లలు పోతున్నాయి.